అక్క బండికి వేసిన స్క్రూ

ఇన్సూరెన్సు క్లెయిముల ఆఫీసు, రెండో అంతస్తు
జనవరి 8

బామ్మర్దీ,

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటి వీడు అనుకోకు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అదీ హాల్లో. ఇరవై ఏళ్ళు ఇంజన్ల మోతలో కూర్చుని చెవులు పోగొట్టుకున్న నీతో మాట్లాడాలంటే వీధి చివరిదాకా వినపడేలా అరవాలి. నేను చెప్పబోయేది మీ అక్క చెవిన పడకూడదు. అందుకే భోజనాల వేళ, ఫైళ్ళు పక్కకి నెట్టి రాస్తున్నాను. జవాబు కూడా ఆఫీసుకే రాయి.

విషయం ఏమిటంటే, ఆదివారాలు ముగ్గురం కొండ దారుల్లో బండ్లు నడపాలని నిర్ణయించుకున్నాం. నిర్ణయించుకున్నాం అంటే మీ అక్క నిర్ణయించింది, నేనూ బుజ్జీ తలలూపాం. ఆవిడ పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి ఒకామె విరిగిన ఫ్రేము పట్టుకుని వచ్చిందట. ఎలా విరిగిందమ్మా అంటే, మొగుడితో పిల్లలతో కొండెక్కుతూ బండి మీద నుంచి పడ్డానని నవ్వుతూ చెప్పిందట. మీ అక్క ఫ్రేము బాగుచేసి ఇచ్చి, ఆ పిచ్చి మాత్రం తను తెచ్చుకుంది. "బుజ్జికి పన్నెండు నిండాయి. ఇంకో నాలుగేళ్ళు పోతే మనతో సందు చివరికి కూడా రాదు. తిరిగితే ఇప్పుడే తిరగాలి" అంటుంది. అదీ నిజమే అనుకో.

షోరూముకి వెళ్ళాం. అక్కడి పెద్దమనిషి బుజ్జికి ఆ పిల్ల చంక ఎత్తున్న బండి చూపించి, "ఎదిగే పిల్ల కదండీ, రెండేళ్ళలో సరిపోతుంది" అన్నాడు. ఏం కొనాలో నువ్వే చెప్పాలి.

ఇక అసలు సంగతి. మీ అక్క స్కూటర్ నడపడం నువ్వు చూశావు. ఆవిడ మలుపు తిరుగుతుంటే వీధి కుక్కలు ముందే లేచి దారిస్తాయి. నేను పొద్దస్తమానం చూసేది ప్రమాదాల ఫొటోలు. నా బల్ల మీదికొచ్చే ప్రతి ఫైల్లో ఎవరో ఒకరు "బాగానే నడిపేవాడండీ" అని రాసి ఉంటారు. బుజ్జి చెబితే వింటుంది. మీ అక్క వినదు. ఆవిడకి తెలియకుండా ఆవిడ బండి జోరు తగ్గించే ఉపాయం ఏదైనా ఉందా?

నీ బావ


షెడ్డు
జనవరి 15

బావా,

ఉత్తరం అందింది. చెవుల మీద వేసిన జోకు కూడా అందింది.

ముందు ఆ షోరూము పెద్దమనిషి మాట మర్చిపో. ఎదిగే పిల్లకి చెప్పులు ఒక సైజు పెద్దవి కొనొచ్చు, బండి కొనకూడదు. కొండ దారిలో బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది, రాళ్ళ మీద జారుతుంది. అప్పుడు రెండు కాళ్ళూ నేలకి ఆనాలి. అంచేత ఇంజన్ ఎంత పెద్దదని కాదు, సీటు ఎంత ఎత్తని చూడాలి. ముగ్గురూ బూట్లు వేసుకుని, గోడకి వీపు ఆనించి నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావుపాటి పుస్తకం పైకి నొక్కి పట్టుకోండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపు పెట్టి కొలిచి నాకు పంపు. ఇంకోటి, పడిపోయిన బండిని ఎవరిది వాళ్ళే లేపుకోవాలి. లేపలేని బండి మనది కాదు.

నా లెక్కలో బుజ్జికి క్లచ్ లేని నూట పది సీసీ బండి చాలు. అక్కకి నూట యాభై, బరువు తక్కువది. నీకు రెండు వందల ముప్ఫై, ఎందుకంటే అది నిన్నూ మొయ్యాలి, నీ పొట్టనీ మొయ్యాలి. కొత్తవి వద్దు. ఎలాగూ మొదటి ఆదివారమే ముగ్గురూ కింద పడేస్తారు. పాతవి నేనే వెతికి, విప్పి చూసి, ముళ్ళ టైర్లు వేసి లారీలో పంపుతాను.

నువ్వడిగిన ఉపాయం ఉంది. పిల్లల బండ్లకి యాక్సిలరేటర్ పిడి దగ్గర కంపెనీవాళ్ళే ఒక స్క్రూ పెడతారు. దాన్ని లోపలికి బిగిస్తే పిడి సగం తిరిగి ఆగిపోతుంది. పిల్ల చెయ్యి తిరిగే కొద్దీ స్క్రూ వదులు చేస్తూ పోవాలి. పెద్దల బండికి అది ఉండదు. అక్క బండికి నేనే రంధ్రం వేసి బిగిస్తాను, పైన రబ్బరు తొడుగు వేస్తే ఎవరికీ కనపడదు. తెలిస్తే మాత్రం నా పేరు చెప్పకు. చిన్నప్పుడు ఆవిడ వేసిన మొట్టికాయలు ఇంకా తడుముకుంటే తగులుతాయి. బావ బాగు కోరేవాడు బామ్మర్ది అంటారు కదా, కోరుతున్నాను మరి.

నీ బామ్మర్ది


క్లెయిముల ఆఫీసు
మార్చి 4

బామ్మర్దీ,

బండ్లు దిగాయి. ముగ్గురికీ కాళ్ళు ఆనాయి. ముగ్గురం పడేశాం, ముగ్గురం లేపాం. నాది లేపేటప్పుడు నడుము పట్టేసింది గానీ అది బండి తప్పు కాదు.

బుజ్జికి స్క్రూ సంగతి చెప్పాను. నెలకి ఒక చుట్టు వదులు చెయ్యాలని ఒప్పందం. స్క్రూడ్రైవర్ దాని చేతికే ఇచ్చాను. అదేదో బీరువా తాళాలు ఇచ్చినట్టు దాచుకుంది.

మీ అక్క బండెక్కి, పిడి తిప్పి, "ఇంతేనా?" అంది. "కొండ బండ్లు అంతేనోయ్, వీటికి బలం ముఖ్యం, వేగం కాదు" అన్నాను నేను, ఏదో పుట్టుకతోనే కొండ మీద తిరిగినవాడిలా. నమ్మేసింది. నమ్మినప్పుడు పక్కకి తిరిగి నవ్వుకున్నాను, నీ దగ్గర దాపరికం ఏముంది. రాత్రి ప్రశాంతంగా నిద్రపట్టింది. నీ మేలు మర్చిపోలేను.

నీ బావ


షెడ్డు
ఏప్రిల్ 19

బావా,

అక్క నాకు కార్డు రాసింది. "ఒరేయ్, ఎత్తు ఎక్కేటప్పుడు నా బండి మధ్యలోనే ఊపిరి వదిలేస్తోంది. బండిలో ఏమైనా ఉందా, నాలోనే ఉందా? నిజం చెప్పు" అని.

నేనేం రాశానో తెలుసా? పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఆ ఇంజన్‌కి అది పడదు, బండి లక్షణమే అంత, ఇంకెవరి చేతా విప్పించకు అని రాశాను. అబద్ధం అచ్చు గుద్దినట్టు వచ్చింది. పోస్టు డబ్బాలో వేసి వచ్చాక అన్నం సయించలేదు. నా చేతి పని మీద ఆవిడకున్న నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని ఆవిడకే టోపీ పెట్టాను.

రెండు నెలలు కావస్తోంది, అక్క చెయ్యి కుదిరే ఉంటుంది. బుజ్జిది వదులు చేస్తున్నట్టే అక్కదీ వదులు చెయ్యి. చేసే ముందు చెప్పు. నవ్వుతూ చెప్పినా సరే.

నీ బామ్మర్ది


క్లెయిముల ఆఫీసు
జూన్ 24

బామ్మర్దీ,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి మొహం చెల్లలేదు.

మొన్న ఆదివారం బుజ్జి మీ అక్కని దాటేసింది. నూట పది సీసీల బండి. గులకరాళ్ళ వాలు మీద "అమ్మా, పక్కకి!" అని అరుస్తూ పోయింది. మీ అక్క పైకి వచ్చేసరికి మేమిద్దరం నీళ్ళు తాగి, సీసా మూత బిగించి, చెట్టు కింద చతికిలబడి ఉన్నాం. హెల్మెట్ తీసి, "నా కోసం ఆగకండి, మీరు పోతూ ఉండండి" అంది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఇప్పుడు తెల్లవారుజామునే లేచి, కోల్డ్ స్టోరేజీ వెనక ఖాళీ స్థలంలో ఒక్కతే ప్రాక్టీసు చేస్తోంది. బరువు వల్లేమోనని టీలో చక్కెర మానేసింది. చీకటి విడకముందే బండి తోసుకుంటూ వెళుతుంటే నేను కిటికీలోంచి చూస్తూ మంచం మీద కూర్చుంటాను. లేచి ఒక్క మాట చెబితే అయిపోతుంది. లేవను.

వదులు చెయ్యమన్నావు, చెయ్యలేదు. ఎందుకో చెబుతాను, తిట్టుకో. భయం సగమే. ఇంట్లో సైకిల్ దగ్గర నుంచి లెక్కల దాకా అన్నిట్లో ఆవిడే నాకంటే ముందు. పెళ్ళైన కొత్తలో నాకు స్కూటర్ నేర్పింది కూడా ఆవిడే. ఈ కొండ మీద మొదటిసారి నేను ముందుండి, వెనక్కి తిరిగి ఆవిడ కోసం చూశాను. అది బాగుంది, బామ్మర్దీ. అంత బాగుండకుండా ఉండాల్సింది.

నీ బావ


షెడ్డు
జులై 1

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి బెంచీ మీద పెట్టి, పని మానేసి కూర్చున్నాను. నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదు. రంధ్రం వేసిన చెయ్యి నాది. దొంగతనం నీదైతే నిచ్చెన పట్టుకున్నది నేను.

ఆవిడ చీకట్లో లేచి సాధన చేస్తోందా! ఏం సాధన చేస్తే ఆ ఇనప ముక్క కదులుతుంది? మనకి తెలుసు కదలదని. ఆవిడకి తెలియదు.

చెప్పెయ్. పట్టపగలు, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పు. మొట్టికాయలు పడితే చెరిసగం పంచుకుందాం. నువ్వు చెప్పకపోతే నేను రాస్తాను అనాలని ఉంది. అనలేకపోతున్నాను. నేను రాయాల్సినప్పుడు గాలి గురించి రాశాను కదా.

నీ బామ్మర్ది


క్లెయిముల ఆఫీసు
ఆగస్టు 13, బుధవారం

బామ్మర్దీ,

శుభవార్త. గండం గడిచింది.

సోమవారం మీ అక్క తెల్లవారుజాము ప్రాక్టీసు మానేసి, బండి అమ్మేద్దామంది. "నాకు చేతకాదండీ, ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది" అంది. అన్నం పెట్టుకుంటూ, చాలా మామూలుగా. బుజ్జి ఊరుకోకుండా "ప్రయత్నిస్తే వస్తుందమ్మా" అంటే, "కొందరికి రాదు, నీకొచ్చింది కదా, అది చాలు" అంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇన్ని నెలల తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "ఈ ఒక్క ఆదివారం రా, తర్వాత నీ ఇష్టం" అన్నాను. సరేనంది. నిన్న సాయంత్రం ఆవిడ షాపు నుంచి రాకముందే స్క్రూ తీసి పారేశాను! తొడుగు మళ్ళీ ఎక్కించాను. ఇక చూడు, ఆదివారం ఆవిడ బండి లేడిపిల్లలా ఎక్కుతుంది. ఇన్నాళ్ళ సాధన ఫలించిందనుకుంటుంది. సంతోషపడుతుంది. మనం చెప్పాల్సిన అవసరమే ఉండదు. పాము చావకుండా కర్ర విరగకుండా అంటారే, అలా కుదిరింది.

నీ బావ


షెడ్డు
ఆగస్టు 16, శనివారం

బావా,

ఎంత పని చేశావు! ఇప్పుడే అందింది ఉత్తరం.

అక్క చేతికి అలవాటైంది ఏమిటో ఆలోచించావా? ఇన్ని నెలలు పిడి ఆగేదాకా తిప్పింది. ఆగేదాకా తిప్పితేనే ఆ బండి అంతమాత్రం కదిలేది. రేపు కూడా ఆగేదాకా తిప్పుతుంది. అక్కడ ఆపేది ఏదీ లేదు! స్క్రూ ఉన్నప్పుడు చెప్పకపోవడం తప్పు. తీసేసి చెప్పకపోవడం ప్రమాదం. ఎత్తు మీద ముందు చక్రం గాల్లోకి లేస్తుంది.

ఫోను చేశాను. ఎవరో ఎత్తారు. "బావా!" అని అరిచాను. అవతల ఏదో గొంతు, ఆడో మగో కూడా నాకు తెలియలేదు. అక్క అయితే ఏం చెప్పాలా అని పెట్టేశాను. మళ్ళీ చేద్దామని రిసీవరు ఎత్తి, దించి, ఎత్తి, ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రేపటికి ఇది చేరదని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఎంత పిరికిపందనో చూడు.

బండి బయటికి తియ్యనివ్వకు.

నీ బామ్మర్ది


ఆసుపత్రి వరండా
ఆగస్టు 17, ఆదివారం

బామ్మర్దీ,

మీ అక్క ప్రాణానికి ఏం భయం లేదు. ముందు అది చదువుకో.

కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. గులకరాళ్ళ వాలు కింద ఎప్పటిలాగే పిడి పూర్తిగా తిప్పింది. బండి లేచి వెనక్కి తిరగబడింది. ఆవిడ పక్కకి పడింది కాబట్టి సరిపోయింది. నేను పై నుంచి చూస్తున్నాను. సంతోషపడుతుందని చూస్తున్నాను.

డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు. "తప్పు నాదేనండీ, బండి నడపడం నాకు రాదు. వీళ్ళు ఎన్నిసార్లు నేర్పినా రాలేదు. అనవసరంగా ఈయన్ని కంగారు పెట్టాను" అంది. డాక్టరు రాసుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఆవిడ హెల్మెట్ పట్టుకుని. అవతల బుజ్జి ఏడుస్తోంది. ఇన్నేళ్ళు ఇతరులు రాసిన అబద్ధాలు పట్టుకోవడమే నా ఉద్యోగం. నా కళ్ళ ముందు ఒక అబద్ధం కాగితం మీదికి ఎక్కుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆవిడ అబద్ధమని తెలియక చెప్పింది.

ఆ చేత్తోనే కదా అద్దాలు అరగదీసేది, వెంట్రుకంత మరలు బిగించేది. మళ్ళీ అంత సన్నపని చెయ్యగలదో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఇప్పటికీ చెప్పలేదు. నా వల్ల కావడం లేదు.

నీ బావ


షెడ్డు
ఆగస్టు 21

అక్కా,

ఈ ఉత్తరం ఇంటికే రాస్తున్నాను, నీ పేరు మీద.

నువ్వు పడ్డది నీకు నడపడం రాక కాదు. నీ బండి యాక్సిలరేటర్‌కి నేను ఒక స్క్రూ బిగించి పంపాను. పిడి సగమే తిరిగేది. బావ అడిగాడు, నేను చేశాను. అడిగినవాడి కంటే చేసినవాడిదే పెద్ద తప్పు, ఎందుకంటే నాకు పని తెలుసు. ఏప్రిల్లో నువ్వు నిజం చెప్పమని అడిగినప్పుడు గాలి పలచన అని రాశాను. అది పచ్చి అబద్ధం. ఆ కొండ ఎత్తుకి ఏ ఇంజనూ ఊపిరి వదలదు. నువ్వు పడే ముందు మంగళవారం బావ ఆ స్క్రూ తీసేశాడు, నీకు చెప్పకుండా. ఆ సంగతి నాకు శనివారమే తెలిసింది. ఫోను చేసి, నువ్వు ఎత్తావేమోనని భయపడి పెట్టేశాను. ఆ ఒక్క మాట అరిచి ఉంటే నీ చెయ్యి బాగుండేది.

సగం బలం ఉన్న బండితో ఇన్ని నెలలు ఆ రాళ్ళ మీద పడకుండా ఎక్కావు. మా ముగ్గురిలో ఎవరి వల్లా అయ్యేది కాదు అది. ఇది నిన్ను మంచి చేసుకోవడానికి రాయడం లేదు. పనివాడిగా చెబుతున్నాను.

వచ్చి నీ కాళ్ళ మీద పడాలని ఉంది. రమ్మంటే వస్తాను.

తమ్ముడు


ఇల్లు
ఆగస్టు 30

ఒరేయ్ తమ్ముడూ,

నీ కవరు చింపడానికి ఒక చెయ్యి చాలలేదు. మీ బావనే చింపమన్నాను. చదవమన్నాను. పైకి, బుజ్జి ముందు. నాలుగుసార్లు ఆగారు. ఆగిన ప్రతిసారీ నేను "ఊఁ, తర్వాత?" అన్నాను. చివరిదాకా చదివారు. చదివాక, తను చెప్పుకోవాల్సింది కూడా చెప్పుకున్నారు. బుజ్జి లేచి లోపలికి పోయింది.

ఆ శనివారం ఫోను ఎత్తింది నేనే. నువ్వు "బావా" అని అరిచావు. నేనురా, అక్కని, అని మూడుసార్లు చెప్పాను.

నా చెయ్యి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఎముకలు అతుకుతాయట. వేళ్ళ సంగతి నెల పోతే గానీ తెలియదట. నేను ఏడ్చింది దానికి కాదు. నాకు నలభై రెండేళ్ళు. ఈ ఆరు నెలల్లో నేను ముసలిదాన్నయిపోయాననీ, పిరికిదాన్నయిపోయాననీ ఒప్పుకున్నాను. అద్దం ముందు నిలబడి నాకు నేనే చెప్పుకుని ఒప్పించుకున్నాను. నా కూతురికి "కొందరికి రాదు" అని నేర్పాను. పన్నెండేళ్ళ పిల్లకి స్క్రూ ఉందని చెప్పి, స్క్రూడ్రైవర్ చేతికిచ్చారు. నాకేమో గాలి గురించి చెప్పారు.

భయమైతే భయమని నా మొహం మీద అనాల్సింది. పోట్లాడేదాన్ని. పోట్లాడి, మూడు రోజులు మాట్లాడటం మానేసి, చివరికి నేనే "సరే, నెల రోజులు స్క్రూ వెయ్యండి" అనేదాన్నేమో. ఆ అవకాశం కూడా నాకివ్వలేదు.

చెయ్యి బాగయ్యాక బండి నేనే ఎంచుకుంటాను. మీరిద్దరూ షోరూము బయట నిలబడండి.

నువ్వు ఇప్పుడు రావద్దు. క్షమించానా లేదా అని అడగొద్దు, నాకే తెలియదు. కానీ ఒక పని చెయ్యి. నువ్వు మీ బావకి రాసిన నాలుగు ఉత్తరాలూ ఆఫీసు సొరుగులోంచి తెచ్చి నా ముందు పెట్టారు. ఆయన నీకు రాసినవి అయిదు ఉండాలట. అవి పంపు. ఆరు నెలలు నేను లేని చోట నా గురించి మీరిద్దరూ ఏమనుకున్నారో, ఎక్కడ నవ్వుకున్నారో, ఎక్కడ జాలిపడ్డారో, అన్నీ వరసగా పెట్టుకుని చదవాలి. చదివాక మీతో మాట్లాడతాను. ఒక్క కాగితం తగ్గినా మాట్లాడను.

ఎడమ చేత్తో ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది.

అక్క